6174 మాస్టారు

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ రివ్యూలో నా టాపిక్ తీసి పక్కన పెట్టేశారు. ఒక సంఖ్య తీసుకుని, దాని అంకెలతో ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తూ పోతే ఆ సంఖ్య చివరికి ఏ చక్రంలో పడి తిరుగుతుందో చూపించే చిన్న ప్రోగ్రామ్ అది. ప్రోగ్రామ్ బాగానే నడిచింది. కానీ దీని అప్లికేషన్ ఏంటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పది రోజుల్లో అందరిలాగే ఒక అటెండెన్స్ యాప్ చేసి ఇచ్చాను. మార్కులు కూడా బాగానే పడ్డాయి. అడిగినవాళ్ళని తప్పు పట్టను. ఇంజనీరింగ్ కాలేజీలో అడగాల్సిన ప్రశ్నే అది. కాకపోతే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దేనికి పనికొస్తుందో చెప్పలేని పనిని పట్టుకుని మనిషి ఎంతకాలం ఉండగలడు?

ఒకాయన దాదాపు జీవితమంతా ఉన్నారు. పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. ఊరి బడిలో లెక్కల మాస్టారు. నా ప్రోగ్రామ్‌లో ఉన్న సగం లెక్కలు ఆయనవే. అందుకే ఈసారి మన మ్యాగజైన్‌కి కథో కవితో రాయకుండా ఆయన గురించి రాస్తున్నాను.

ముందు ఫోన్ తీసి కాలిక్యులేటర్ ఓపెన్ చేయండి. ఏదైనా 4 అంకెల సంఖ్య తీసుకోండి. నాలుగూ ఒకే అంకె కాకూడదు, అంతే షరతు. మా బ్యాచ్‌లో చాలామంది 2005లో పుట్టాం కాబట్టి 2005 తీసుకుందాం. ఆ అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేరిస్తే 5200. చిన్న నుంచి పెద్దకి పేరిస్తే 0025. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 5175. ఇప్పుడు 5175తో అదే పని చేయండి. 7551లోంచి 1557 పోతే 5994. అలాగే వెళ్తే 5355, 1998, 8082, 8532, ఆ తర్వాత 6174. ఇంకోసారి చేసి చూడండి. 7641లోంచి 1467 తీసేస్తే మళ్ళీ 6174. ఇక ఎన్నిసార్లు చేసినా అక్కడే ఉంటుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా సరే, ఎక్కువలో ఎక్కువ 7 సార్లలో 6174కి చేరాల్సిందే. దీన్నే ఇప్పుడు ప్రపంచమంతా కాప్రేకర్ స్థిరాంకం అంటోంది.

కాప్రేకర్ గారు 1905 జనవరి 17న దహానులో పుట్టారు. ముంబైకి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోయారు. పెంచింది తండ్రే. ఆ తండ్రి గుమస్తా ఉద్యోగం చేసేవారు. కానీ ఆయన మనసంతా జ్యోతిషం మీదే. కొడుక్కి కూడా జాతకాల లెక్కలు నేర్పించారు.

జ్యోతిషం నిజమా కాదా అన్న గొడవ ఇక్కడ వద్దు. జాతకం వేయాలంటే మాత్రం లెక్క బాగా రావాలి. ఇంట్లో పంచాంగం ముందేసుకుని కూర్చునే తాతగారు ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు. కూడటం, తీసేయడం, భాగించి శేషం పట్టుకోవడం, మళ్ళీ మొదటికి రావడం. వారం 7 దగ్గర తిరిగొస్తుంది, నక్షత్రం 27 దగ్గర, ప్రభవతో మొదలైన సంవత్సరం పేరు 60 దగ్గర. మనం డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మాడ్యులో అని చదువుకునేది ఆ ఇంట్లో రోజువారీ వ్యవహారం. తల్లి లేని పిల్లాడు తండ్రి పక్కన కూర్చుని అలాంటి లెక్కలు చేస్తూ పెరిగాడు. పెద్దయ్యాక ఆయన జాతకాల దారి పట్టలేదు. ఆ లెక్కల్లోని అంకెల్ని మాత్రం వదిలిపెట్టలేదు.

హైస్కూలు చదువు థానేలో. అక్కడే లెక్కల పజిళ్ళ పిచ్చి పట్టుకుంది. గంటల తరబడి వాటి మీదే కూర్చునేవారు. 1923లో పూణేలోని ఫెర్గూసన్ కాలేజీలో చేరారు. కేంబ్రిడ్జ్‌లో సీనియర్ రాంగ్లర్ అయిన మొదటి భారతీయుడు ఆర్. పి. పరాంజపే. ఆయన పేరు మీద, సొంతంగా ఏదైనా కొత్త గణితం చేసిన విద్యార్థికి ఒక బహుమతి ఇచ్చేవారు. 1927లో అది కాప్రేకర్ గారికి వచ్చింది. 1929లో బాంబే యూనివర్సిటీ నుంచి బీఎస్సీ అయింది.

చదువు అక్కడితో ఆగిపోయింది. ఎమ్మెస్సీ లేదు, పీహెచ్‌డీ లేదు, వెనక నిలబడి నడిపించే గైడ్ లేడు. బహుమతి తెచ్చుకున్న కుర్రాడు తర్వాత ఏ పెద్ద కాలేజీకో వెళ్తాడని మనం అనుకుంటాం. ఆయన 1930లో నాసిక్ పక్కనున్న దేవ్‌లాలిలో బడి పంతులుగా చేరారు. 1962లో రిటైర్ అయ్యేదాకా పంతులుగానే ఉన్నారు. 32 ఏళ్ళు.

దేవ్‌లాలి గురించి ఒక మాట చెప్పాలి. అది మిలటరీ కంటోన్మెంట్ ఉన్న ఊరు. బ్రిటిష్ కాలంలో సర్వీసు అయిపోయిన సైనికులు ఇంటికెళ్ళే ఓడ కోసం అక్కడి క్యాంపులో పడిగాపులు కాసేవాళ్ళు. పని లేదు, ఎండ, ఎప్పుడు కదులుతామో తెలియదు. ఆ క్యాంపులో ఉంటే మతి పోతుందని పేరు పడిపోయింది. ఇంగ్లీషువాళ్ళు పిచ్చెక్కినవాణ్ణి డూలాలీ అంటారు. ఆ మాట ఈ ఊరి పేరులోంచే పుట్టింది. అలాంటి ఊళ్ళో పగలు పిల్లలకి పాఠాలు చెప్పి, మిగతా టైమంతా అంకెలతో ఆడుకుంటూ గడిపారు కాప్రేకర్ గారు. చూసినవాళ్ళు కొందరైనా ఆయనకి కూడా ఊరి జబ్బే పట్టిందని నవ్వుకుని ఉంటారని నా ఊహ.

ఊళ్ళూ రైల్వే స్టేషన్లూ ఆయన గణితంలోకి కూడా వచ్చేశాయి. 11ని 11తో గుణిస్తే 121. 111ని 111తో గుణిస్తే 12321. ఇలా తొమ్మిది ఒకట్ల దాకా వెళ్తే 12345678987654321. మెట్లెక్కి దిగినట్టు ఉండే ఈ జాతి సంఖ్యలకి ఆయన డెమ్లో సంఖ్యలని పేరు పెట్టారు. డెమ్లో ఏ గణితవేత్త పేరూ కాదు. బాంబేకి 30 మైళ్ళ దూరంలో ఉన్న రైల్వే స్టేషన్, ఇప్పటి డోంబివిలి. ఆ ఆలోచన అక్కడ తట్టిందట, అందుకని ఆ పేరు. మనమైతే గూగుల్ మ్యాప్స్‌లో ఒక పిన్ పెట్టుకుని ఊరుకునేవాళ్ళం.

ఇక అసలు సంగతికి వద్దాం. 1946లో ఆయనకి 6174 దొరికింది. కంప్యూటర్ లేదు, జేబులో కాలిక్యులేటర్ లేదు. కాగితం, పెన్సిలు, ఓపిక. నేను పైథాన్‌లో ఒక లూప్ రాసి 10,000 సంఖ్యల్నీ కళ్ళు మూసి తెరిచేలోపు పరీక్షించేశాను. ఆయన ఎన్ని తీసివేతలు చేస్తే ఈ సంగతి బయటపడిందో ఆలోచిస్తే నాకు కొంచెం సిగ్గేసింది.

ఇందులో ఏది వింతో, ఏది కాదో విడదీసి చూద్దాం. 4 అంకెలతో 0000 నుంచి 9999 దాకా ఉన్నవి 10,000 సంఖ్యలే. మన లెక్క ఎప్పుడూ వాటి మధ్యే తిరుగుతుంది. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు పాత సంఖ్య మళ్ళీ రావాల్సిందే. ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత దారి కూడా పాతదే. అంటే చక్రంలో పడటం వింత కాదు, తప్పనిసరి. పీజియన్‌హోల్ ప్రిన్సిపుల్ అన్నమాట. కోడింగ్ టెస్టుల్లో హ్యాపీ నంబర్ ప్రశ్న చేసినవాళ్ళకి ఇది అలవాటే. అంకెల వర్గాలు కూడుతూ పోతే 1 దగ్గరైనా ఆగుతుంది, లేకపోతే 4, 16, 37, 58, 89, 145, 42, 20, మళ్ళీ 4 అంటూ గుండ్రంగా తిరుగుతుంది.

వింత ఏంటంటే, 4 అంకెల దగ్గర దారులన్నీ ఒకే చోటికి రావడం. 2 అంకెలతో ఇదే తీసివేత చేస్తే ఒక చోట ఆగదు. 09, 81, 63, 27, 45, మళ్ళీ 09. అయిదు సంఖ్యల చక్రం. 3 అంకెలైతే 495 దగ్గర ఆగుతుంది. 5 అంకెలైతే ఆగే చోటే లేదు. మూడు వేరువేరు చక్రాలున్నాయి. ఒకటి చిన్నది, 53955, 59994 రెండే సంఖ్యలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. మిగతా రెండింటిలో నాలుగేసి సంఖ్యలు. నా ప్రోగ్రామ్‌లో ఆ మూడు చక్రాల్ని మూడు రంగుల్లో చూపించాను. రివ్యూలో ఆ స్క్రీన్ దాకా వెళ్ళనే లేదు.

6174 ఎందుకు పని చేస్తుందో కూడా కాగితం మీద తేల్చొచ్చు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చాక, మొదటి అంకెకీ చివరి అంకెకీ ఉన్న తేడా, మధ్య రెండంకెల తేడా, ఈ రెండే ముఖ్యం. మొదటి తేడాని 999తో, రెండోదాన్ని 90తో గుణించి కలిపితే తీసివేత ఫలితం వచ్చేస్తుంది. 7641లో ఆ తేడాలు 6, 2. 5994కి 180 కలిపితే 6174. మధ్య తేడా ఎప్పుడూ బయటి తేడాని దాటలేదు కాబట్టి ఇలాంటి జంటలు మొత్తం 54. అంటే పదివేల సంఖ్యల గుంపు ఒక్క అడుగులో 54కి కుదించుకుపోతుంది. ఆ 54నీ ఒక్కొక్కటిగా చేత్తో చేసి చూస్తే చాలు, నిరూపణ అయిపోయినట్టే. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చేశాను. భోజనం చేసి కూర్చుంటే టీ టైమ్ దాటింది.

1949లో మద్రాసులో జరిగిన గణిత సమావేశంలో కాప్రేకర్ గారు ఈ విషయాన్ని ప్రకటించారు. మద్రాసు అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలకి కూడా రాజధాని. 1955లో న్యూయార్క్ నుంచి వచ్చే స్క్రిప్టా మాథమాటికా అనే పత్రికలో 6174 మీద ఆయన వ్యాసం అచ్చయింది. కనిపెట్టిన తొమ్మిదేళ్ళకి.

మన దేశంలో పెద్ద గణితవేత్తలు చాలామంది ఆయన్ని సీరియస్‌గా తీసుకోలేదు. ఇవన్నీ చిల్లర లెక్కలని నవ్వారు. పేరున్న జర్నళ్ళలో చోటు దొరకడం కష్టమైంది. దాంతో ఆయన చాలావాటిని చిన్న చిన్న పుస్తకాలుగా సొంతంగా అచ్చు వేయించుకున్నారు. ప్రచురణకర్త అని ఉండాల్సిన చోట ఆయన పేరు, దేవ్‌లాలి అడ్రసు ఉండేవి. ఇప్పుడైతే మనం పీడీఎఫ్ చేసి లింక్ పెట్టేస్తాం. ఆ రోజుల్లో అచ్చు వేయించడమంటే బడి పంతులు జీతంలోంచి డబ్బు తీయడమే.

ఇక్కడ నవ్వినవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. రామానుజన్‌ని గుర్తించిన హార్డీయే 1940లో రాసిన పుస్తకంలో ఇలాంటి అంకెల వింతల్ని ఉదాహరణకి తీసుకున్నారు. 8712ని తిరగేస్తే 2178, దానికి నాలుగు రెట్లు 8712. 9801ని తిరగేస్తే 1089, దానికి తొమ్మిది రెట్లు 9801. 153లోని అంకెల ఘనాలు కూడితే మళ్ళీ 153. ఇవి పేపర్లో పజిల్ శీర్షికలకి బాగుంటాయి కానీ గణితవేత్తని పెద్దగా కదిలించవని ఆయన అభిప్రాయం. ఆ వాదనలో బలం ఉంది. ఇవన్నీ మనం పదేసి లెక్కపెట్టడం వల్ల వచ్చిన గుణాలు. మన చేతులకి ఎనిమిది వేళ్ళే ఉండి ఆక్టల్‌లో లెక్కపెట్టుంటే 6174కి ఈ గొప్ప ఉండేది కాదు. ప్రధాన సంఖ్యలు అలా కాదు. 7ని ఏ బేస్‌లో రాసినా అది ప్రధాన సంఖ్యే.

కాప్రేకర్ గారికి ఈ విమర్శ తెలియక కాదు. ఆయన మద్రాసు దాకా వెళ్ళింది ఈ విషయం తెలిసినవాళ్ళ ముందే నిలబడటానికి. అయినా ఆపలేదు. నన్ను పట్టుకున్నది ఈ ఒక్క సంగతే. నా టాపిక్‌ని ఒక్కరు, ఒక్కసారి కాదన్నారు, నేను సాయంత్రానికల్లా మార్చేశాను.

ఆయన ఆపకపోవడం వల్ల ఏమొచ్చిందో చూడండి. 45 వర్గం 2025. దాన్ని మధ్యలో విరిచి 20, 25 కూడితే మళ్ళీ 45. 55 వర్గం 3025, 30, 25 కలిస్తే 55. 703 వర్గం 494209, 494, 209 కలిస్తే 703. వీటిని ఇప్పుడు కాప్రేకర్ సంఖ్యలు అంటున్నారు. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకి ఆయన హర్షద్ అని పేరు పెట్టారు, అంటే హర్షాన్ని ఇచ్చేది. రామానుజన్ టాక్సీ నంబర్ 1729 తెలుసు కదా. 1, 7, 2, 9 కూడితే 19. 1729ని 19తో భాగిస్తే సరిగ్గా 91. రామానుజన్ సంఖ్య కూడా కాప్రేకర్ గారి హర్షద్ సంఖ్యే.

నాకు అన్నిటికంటే నచ్చినవి ఆయన సెల్ఫ్ సంఖ్యలు. ఒక సంఖ్యకి దాని అంకెల మొత్తాన్ని కలపండి. 15కి 1, 5 కలిపితే 21. అంటే 21ని పుట్టించింది 15. 21కి 3 కలిపితే 24, 24కి 6 కలిపితే 30, ఇలా వంశం సాగుతుంది. కొన్ని సంఖ్యలకి ఇద్దరు జనకులుంటారు. 91 నుంచీ 101 వస్తుంది, 100 నుంచీ 101 వస్తుంది. కొన్నిటికి అసలు జనకుడే ఉండడు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా వాటి దగ్గరికి రాలేం. 20, 31, 42, 53 అలాంటివి. మనం ఎంతో పవిత్రంగా చూసే 108 కూడా. మన భాషలో చెప్పాలంటే ఇవి స్వయంభూ సంఖ్యలు. దేవ్‌లాలి సంఖ్యలని కూడా వీటికి పేరుంది. వీటి మీద ఆయన 1963లో ఒక పుస్తకం సొంతంగా అచ్చు వేయించారు.

మన పుట్టిన సంవత్సరాలతో చూస్తే సరదాగా ఉంటుంది. 2005కి జనకుడు ఒక్కడే, 1979. 2006కి ఇద్దరు, 1984, 2002. 2007కి ఎవరూ లేరు. అంటే ఫస్టియర్‌లో చాలామంది స్వయంభువులు, ర్యాగింగ్ చేసేముందు ఆలోచించుకోండి. కాప్రేకర్ గారు ఉద్యోగంలో చేరిన 1930 కూడా స్వయంభువే. నమ్మకం లేకపోతే వెనక్కి వెళ్ళి 1903 నుంచి ఒక్కొక్కటీ కూడి చూసుకోండి. అంతకంటే వెనక్కి వెళ్ళక్కర్లేదు, ఎందుకో మీరే తేల్చుకోండి.

1962లో ఆయన రిటైర్ అయ్యారు. 1966లో భార్య పోయారు. వచ్చే పెన్షన్ బతకడానికి చాలలేదు. ఖర్చుల మనిషి కాదు, ఆయనకి కావాల్సింది కాగితాలూ ఖాళీ సమయమూ. అయినా గడవలేదు. అరవై దాటిన వయసులో లెక్కలు, సైన్స్ ట్యూషన్లు చెప్పుకుని బతకాల్సి వచ్చింది. ఒకవైపు ఆయన పేరున్న సంఖ్యలు అమెరికాలో అచ్చవుతున్నాయి. ఇంకోవైపు దేవ్‌లాలిలో ఆయన నెల ఖర్చులకి ట్యూషన్ ఫీజులు లెక్కపెట్టుకుంటున్నారు. దీన్ని త్యాగమని పొగడాలని నాకు అనిపించలేదు. అంకెల మీద ప్రేమ ఉంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆయనకి సర్దుకోలేదు.

1975 మార్చిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన గణిత వినోద శీర్షికలో కాప్రేకర్ గారి గురించీ ఆయన సంఖ్యల గురించీ రాశారు. ఆ శీర్షికకి ప్రపంచమంతటా పాఠకులున్నారు. అప్పటికి కాప్రేకర్ గారికి 70 ఏళ్ళు. అక్కడి నుంచి పేరు నలుమూలలా పాకింది. మన దేశంలో కూడా అప్పుడే చాలామంది ఆయన్ని పట్టించుకున్నారు. పజిల్ శీర్షికలకే పనికొస్తాయని హార్డీ పక్కకి నెట్టిన రకం గణితం, చివరికి ఒక పజిల్ శీర్షిక ద్వారానే లోకానికి చేరింది. 1986లో ఆయన దేవ్‌లాలిలోనే పోయారు.

ఇది రాస్తూ రాస్తూ ఆయన పుట్టిన సంవత్సరాన్నీ పోయిన సంవత్సరాన్నీ ఆయన లెక్కలోనే వేసి చూశాను. 1905 మొదట 9351 అవుతుంది, తర్వాత 8172. 1986 ఒక్క అడుగులోనే 8172 అవుతుంది. అక్కడి నుంచి ఇద్దరిదీ ఒకే దారి. 7443, 3996, 6264, 4176, 6174. మొత్తం 7 అడుగులు వేసింది పుట్టిన సంవత్సరం, 6 వేసింది పోయిన సంవత్సరం. ఇందులో మహిమ ఏమీ లేదు, ఉన్నవి 54 దారులే కదా, ఎక్కడో కలవాల్సిందే. తెలిసినా కాసేపు ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు మళ్ళీ ఆ రివ్యూ ప్రశ్న. చక్రాలకి అప్లికేషన్లు ఉన్నాయి. లింక్డ్ లిస్ట్‌లో లూప్ పట్టుకోవడానికి మనం నేర్చుకునే ఫ్లాయిడ్ కుందేలు, తాబేలు పద్ధతినే వాడి పొలార్డ్ అనే ఆయన పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే ఉపాయం చెప్పారు, అదీ 1975లోనే. ఈ ముక్క అప్పుడు తెలిసుంటే రివ్యూలో చెప్పి గట్టెక్కేవాణ్ణేమో. కానీ అది పొలార్డ్ పని. తీసుకొచ్చి కాప్రేకర్ గారి ఖాతాలో వేస్తే అబద్ధమవుతుంది. 6174తో ఇప్పటిదాకా ఏ బ్రిడ్జీ కట్టలేదు, ఏ పాస్‌వర్డూ దాయలేదు. ఆ ప్రశ్న ఇంకోసారి అడిగితే అప్లికేషన్ లేదని సూటిగా చెప్తాను. చెప్పి, ఆ మూడు రంగుల స్క్రీన్ ఒక్కసారి చూడమంటాను. పోయినసారి నేను చేయనిది అదే.

పాత ప్రోగ్రామ్‌ని డిలీట్ చేయలేదు. ఇప్పుడు 6 అంకెల దగ్గరున్నాను. అక్కడ ఆగే చోట్లు రెండున్నాయి, 549945, 631764. వాటితో పాటు ఏడు సంఖ్యల చక్రం ఒకటుంది. ఎన్ని సంఖ్యలు ఎటు వెళ్తాయో లెక్కపెడుతున్నాను. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక 7 అంకెలు.

మీరు ఈలోపు మీ ఫోన్ నంబర్ చివరి 4 అంకెలతో మొదలుపెట్టండి. ఎన్ని అడుగుల్లో 6174 వచ్చిందో క్లబ్ గ్రూప్‌లో పెట్టండి. సరిగ్గా 7 వచ్చినవాళ్ళకి క్యాంటీన్‌లో టీ నాది. చివర 9999 ఉన్న ఫ్యాన్సీ నంబర్ కొనుక్కున్నవాళ్ళకి మాత్రం సున్నానే వస్తుంది, దానికి నేను గానీ మాస్టారు గానీ చేయగలిగింది ఏమీ లేదు.